వైద్య విద్య, వెలివాడ: కుటుంబ దత్తత మీద కొన్ని ఆలోచనలు

2022 నుంచి మన దేశంలో ఎంబీబీఎస్‌లో చేరే ప్రతి విద్యార్థీ ఒక ఊరికి పోయి కొన్ని కుటుంబాలను 'దత్తత' తీసుకోవాలి. తక్కువలో తక్కువ మూడు, వీలైతే ఐదు. ఇది జాతీయ వైద్య కమిషన్ పెట్టిన నియమం. మొదటి సంవత్సరం నుంచే ఆ ఇళ్ళకు పోతూ వస్తూ ఉండాలి. బీపీ చూడాలి, షుగరు చూడాలి, రక్తం తక్కువుందేమో చూడాలి, పిల్లల బరువు తూయాలి, నీళ్ళు ఎక్కడివో, మరుగుదొడ్డి ఉందో లేదో రాసుకోవాలి. ఆస్పత్రి మంచం మీది రోగిని మాత్రమే చూసి డాక్టరయ్యే పద్ధతి పోవాలి, రోగం పుట్టే ఇంటిని కూడా చూసి డాక్టరు కావాలి అన్నది దీని వెనకున్న ఆలోచన. ఆలోచన మంచిదే. మేము దీన్ని స్వాగతిస్తున్నాం.

అయితే మాకొక ప్రశ్న ఉంది. ఆ ఐదు ఇళ్ళు ఊళ్ళో ఉన్నాయా, వాడలో ఉన్నాయా? నియమంలో 'గ్రామం' అని ఒక్క మాట ఉంది. మన దగ్గర గ్రామం ఒకటి కాదు. ఊరు వేరు, మాలపల్లె వేరు, మాదిగపల్లె వేరు. సర్కారు కాగితాల్లో హరిజనవాడ అని రాసినా, ఎస్సీ కాలనీ అని రాసినా ఆ దూరం అట్లాగే ఉంది. విద్యార్థుల బస్సు ఊరి నడిమధ్య ఆగితే, సర్పంచి గారో స్కూలు హెడ్మాస్టరు గారో ఇళ్ళు చూపిస్తే, వాళ్ళు చూపించే ఇళ్ళు ఏవో మనకు వేరే చెప్పక్కర్లేదు. కాలనీకి తీసుకుపోయినా అక్కడ ఏం అడగాలో విద్యార్థికి నేర్పకపోతే పోయి ఉపయోగం లేదు. ఈ రెండో మాట మీదే ఎక్కువగా మాట్లాడదలిచాం. కడప జిల్లా పులివెందుల ప్రాంతంలోని లింగాల మండలాన్ని ఎదురుగా పెట్టుకుని మాట్లాడతాం.

రెండు వైద్యాలు, ఒక చదువు

ముందు మాటలకు అర్థం చెప్పుకుందాం. ఫ్యామిలీ మెడిసిన్ అంటే ఒక జబ్బుకో ఒక అవయవానికో కట్టుబడని వైద్యం. పసిబిడ్డ మొదలు ముసలాయన దాకా ఇంటిల్లిపాదినీ ఒకే డాక్టరు చూడటం, ఏ కష్టమొచ్చినా మొదట ఆ డాక్టరు దగ్గరికే పోవడం, ఏళ్ళ తరబడి అదే డాక్టరు చూడటం, పెద్దాస్పత్రికి ఎప్పుడు పంపాలో ఆ డాక్టరుకు తెలిసి ఉండటం. కమ్యూనిటీ మెడిసిన్ అంటే ఒక మనిషిని కాకుండా ఒక జనసమూహాన్ని రోగిగా తీసుకోవడం. మొదటిది 'ఈమెకు రక్తం ఎందుకు తక్కువుంది' అని అడుగుతుంది. రెండోది 'ఈ వీధి ఆడవాళ్ళందరికీ ఎందుకు తక్కువుంది' అని అడుగుతుంది. రెండు ప్రశ్నలూ ఒకే డాక్టరు నోటి నుంచి రావాలి. కుటుంబ దత్తత ఉద్దేశం అదే.

ఈ ఉద్దేశం కొత్తది కాదు. 1946లో భోర్ కమిటీ, వైద్య విద్యార్థికి మూడు నెలలు నివారణ, సాంఘిక వైద్యంలో శిక్షణ ఉండాలని చెప్పింది. 1969లో సేవాగ్రామ్‌లో పెట్టిన మహాత్మాగాంధీ వైద్య విజ్ఞాన సంస్థలో ఒక్కో బ్యాచ్ ఒక్కో గ్రామాన్ని తీసుకుని, శిబిరం వేసుకుని, ఒక్కో విద్యార్థి కొన్ని కుటుంబాలను చూసుకునే పద్ధతి వచ్చింది. 1975లో శ్రీవాస్తవ కమిటీ వైద్య విద్యను పల్లె వైపు తిప్పమంది. దాని మీదట 1977లో 'రోమ్' పథకం వచ్చి, ప్రతి వైద్య కళాశాల మూడు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల బాధ్యత తీసుకోవాలంది. అంటే నలభై యాభై ఏళ్ళ కిందటే ఈ మాటలన్నీ అనుకున్నాం. ఫ్యామిలీ మెడిసిన్ సంగతి ఇంకా ఆలస్యం. కాలికట్ ప్రభుత్వ వైద్య కళాశాలలో ఎండీ ఫ్యామిలీ మెడిసిన్ మొదలైంది 2012లో.

మరి ఎందుకు నిలబడలేదు? డబ్బుల్లేవు, బండ్లు లేవు, మాస్టర్లు లేరు అంటారు. అదీ నిజమే. ఇంకో నిజం కూడా ఉంది. వైద్య కళాశాలలో సబ్జెక్టుల మధ్య కూడా ఎక్కువ తక్కువలున్నాయి. గుండె డాక్టరు పైన, మెదడు డాక్టరు పైన. నీళ్ళు, మురుగు, దోమ, మరుగుదొడ్డి, టీకా గురించి చెప్పే విభాగం అట్టడుగున. పార్క్ రాసిన లావుపాటి పుస్తకాన్ని పరీక్షకు ముందు బట్టీ కొట్టి వదిలేసే సబ్జెక్టు అది. మురికిని శుభ్రం చేసే పనికి విలువ ఇవ్వని సమాజంలో, మురికి గురించి మాట్లాడే చదువుకు విలువ వస్తుందా? దీన్ని కులంతో సంబంధం లేని విషయంగా మేము చూడలేకపోతున్నాం.

ఒక ఇల్లు అనుకుందాం

లింగాల మండలం అనంతపురం వైపు సరిహద్దులో ఉంది. పార్నపల్లె దగ్గర చిత్రావతి బ్యాలెన్సింగ్ రిజర్వాయరు ఉంది. చీనీ తోటలు, అరటి తోటలు ఈ ప్రాంతానికి పేరు. తోటలు ఎవరివైనా, గెలలు కొట్టి మోసేది, కలుపు తీసేది, మందు కొట్టేది ఎక్కువగా కూలి జనం. ఆ కూలి జనంలో మాలలు, మాదిగలు ఎంతమందో ఆ ప్రాంతం వాళ్ళకు తెలుసు.

ఇప్పుడు ఒక ఇల్లు అనుకుందాం. ఇది ఏ ఒక్కరి ఇల్లూ కాదు. ఎస్సీ కాలనీలో రెండు గదుల ఇల్లు. మామ, అత్త, కొడుకు, కోడలు, ఇద్దరు పిల్లలు. మొదటి సంవత్సరం విద్యార్థిని ఒకామె తెల్లకోటు వేసుకుని, చేతిలో ఫ్యామిలీ ఫోల్డరు పట్టుకుని వచ్చింది.

'అమ్మా, మీ ఆయన ఏం చేస్తారు?'

'కూలికి పోతాడు మేడం.'

'మీరు?'

'నేనూ కూలికే పోతాండా.'

రెండు గడుల్లోనూ 'కూలి' అని రాసుకుంది.

'ఇంట్లో ఎవరన్నా మందులు వాడుతున్నారా?'

'మా మామ దగ్గు మాత్రలు మింగుతాడు. ఈయన తోటలో మందు కొడతాడు. కొట్టిన దినం తల తిరుగుతాదంటాడు, అన్నం తినడు.'

'ఆ మందు కాదమ్మా, డాక్టరిచ్చే మందు' అని ఆమె నవ్వి, తర్వాతి ప్రశ్నకు పోయింది.

ఆమె తప్పు పెద్దగా లేదు. ఫోల్డరులో ఆ గడి లేదు. కానీ ఆ ఇంట్లో రాసుకోవలసిన మొదటి సంగతి అదే. పురుగుమందుల్లో ఆర్గానోఫాస్ఫేట్ జాతి మందు ఒంటికి తగిలితే చెమటలు, చొంగ, తలనొప్పి, తల తిరగడం, వాంతులు, కంటిపాప చిన్నదవడం అని ఆమే రెండో సంవత్సరం ఫార్మకాలజీలో చదువుతుంది, పరీక్షలో రాస్తుంది. మార్కులూ వస్తాయి. ఆ లక్షణాలు తాను దత్తత తీసుకున్న ఇంట్లోనే ఉన్నాయని మాత్రం ఆమెకు తెలియదు. ఏం మందు కొడతాడు, డబ్బా మీద ఏముంది, మూతికి గుడ్డ కట్టుకుంటాడా, చేతులకు ఏమన్నా తొడుక్కుంటాడా, ఆ చొక్కా ఎవరు ఉతుకుతారు, పిల్లల బట్టలతో కలిపి ఉతుకుతారా? ఇన్ని ప్రశ్నలున్నాయి. 'కూలి' అన్న ఒక్క మాట వీటన్నిటినీ కప్పేసింది.

మామ సంగతి చూద్దాం. ముసలాయనకు ఏళ్ళుగా దగ్గు, ఆయాసం. టీబీ పరీక్ష చేశారు, లేదన్నారు. బీడీ తాగుతాడు కాబట్టి ఫోల్డరులో 'దీర్ఘకాలిక దగ్గు, బీడీ అలవాటు' అని పడింది. వయసులో ఉన్నప్పుడు ఏం పని చేశారు తాతా అని ఎవరూ అడగలేదు. అడిగితే, పులివెందుల దగ్గర బ్రాహ్మణపల్లె రాతినార గనుల్లో చేశానని చెప్పి ఉండేవాడేమో.

రాతినార అంటే ఆస్‌బెస్టాస్. ఆ ప్రాంతపు నేలలో అది ఉంది. దాని పోగులు కంటికి కనిపించనంత సన్నంగా గాలిలో లేచి, ఊపిరితిత్తుల్లో దిగి అక్కడే ఉండిపోతాయి. రోగం వెంటనే రాదు. ఇరవై, ముప్ఫై, నలభై ఏళ్ళకు బయటపడుతుంది. అప్పటికి పని మానేసి ఉంటాడు, మేస్త్రీ చనిపోయి ఉంటాడు, పనిచేసినట్టు కాగితం ఉండదు. ఈ సంగతి తెలిసే సుప్రీంకోర్టు 1995 జనవరిలో, అహ్మదాబాదు వినియోగదారుల సంస్థ వేసిన కేసులో, ఆస్‌బెస్టాస్ పనివాళ్ళ ఆరోగ్యం జీవించే హక్కులో భాగమని చెప్పింది. పనిలో చేరినప్పటి నుంచి 40 ఏళ్ళ దాకా గానీ, పని మానిన తర్వాత 15 ఏళ్ళ దాకా గానీ, ఏది ఎక్కువైతే అంతకాలం ప్రతి పనివాడి ఆరోగ్య రికార్డు దాచి ఉంచాలని ఆదేశించింది. కోర్టు నలభై ఏళ్ళ రికార్డు అడిగింది. మన ఫోల్డరు నిన్నటి పని కూడా అడగడం లేదు.

రోగిని నువ్వేం పని చేస్తావని తప్పనిసరిగా అడగాలని ఇటలీ డాక్టరు రామజ్జిని 1700లోనే తన పుస్తకంలో రాశాడు. మూడు వందల ఏళ్ళు దాటింది. మన దేశంలో ఆ ప్రశ్నకు ఇంకొకటి చేర్చాలి. ఆ పని నీకే ఎందుకు వచ్చింది? చర్మం పని, మురుగు పని, గని పని, మందు కొట్టే పని ఎవరి పాలికి వస్తున్నాయో చూడని వైద్యానికి ఆ రోగాలు ఎవరి పాలికి వస్తున్నాయో అర్థం కాదు. అదే నియోజకవర్గంలో, వేముల మండలం తుమ్మలపల్లెలో యురేనియం గని ఉంది. అక్కడ దత్తత తీసుకునే ఇళ్ళలోనూ ఈ ప్రశ్నలే అడగాలి.

ఫోల్డరులో కులం

ఫోల్డరులో కులం గడి ఉంటుంది కదా అని మీరు అడగవచ్చు. ఎస్సీ, ఎస్టీ, బీసీ, ఓసీ అని నాలుగు గడులుంటాయి. టిక్కు పెడతారు. అంతటితో సరి.

కుటుంబం స్థితిగతులు కొలవడానికి మన వైద్య కళాశాలల్లో కొలబద్దలు కొన్ని వాడతారు. 1961లో వచ్చిన బి.జి. ప్రసాద్ కొలబద్ద ఇంట్లో తలకు నెలకు ఎంత ఆదాయమో చూసి ఐదు తరగతులు చేస్తుంది. ధరలు పెరిగినప్పుడల్లా లెక్క సవరిస్తారు. అందులో కులం లేదు. 1964లో ఉదయ్ పరీక్, త్రివేది పల్లెటూళ్ళ కోసం ఇంకొకటి తయారు చేశారు. అందులో తొమ్మిది అంశాలున్నాయి. మొదటిదే కులం. షెడ్యూల్డు కులమైతే ఒక మార్కు. అట్లా మెట్టు మెట్టుగా ఎక్కి, ఊళ్ళో పెత్తనం చేసే కులమైతే ఆరు మార్కులు.

ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకటి కులాన్ని మాయం చేసింది. రెండోది కులాన్ని ఆ ఇంటికి అంటిన గుణంలాగా తీసుకుని మార్కులేసింది. ఒకదాంట్లో నెలకు అంతే ఆదాయం వచ్చే కమ్మరి ఇల్లు, మాదిగ ఇల్లు ఒకటే అయిపోతాయి. రెండోదాంట్లో మాదిగ కాబట్టి ఒక మార్కు. కులం ఆ ఇంట్లో లేదు. ఆ ఇంటికీ బావికీ మధ్య ఉంది, ఆ ఇంటికీ ఆస్పత్రికీ మధ్య ఉంది. కొలవాల్సింది అక్కడ.

అందుకే మేము టిక్కు బదులు ప్రశ్నలు పెట్టమంటున్నాం. ఏఎన్ఎం మీ ఇంట్లోకి వస్తుందా, వీధి మొదట్లో నిలబడి పిలుస్తుందా? అంగన్‌వాడీ ఏ వీధిలో ఉంది? మీ పిల్లలకు అక్కడ అందరితో కలిపి పెడతారా? పోయినసారి ఆస్పత్రిలో డాక్టరు చెయ్యి పట్టి చూశారా, చీటీ రాసిచ్చి పంపారా? పోయి రావడానికి ఆటోకు ఎంతయింది? ఆ దినం కూలి పోయిందా? వీటిలో ఒక్కదానికీ కులం పేరు అడగనక్కర్లేదు. జవాబుల్లో కులం దానంతట అదే కనిపిస్తుంది.

ఇవి ఊహించి చెప్పే అనుమానాలు కావు. గుజరాత్, రాజస్థాన్‌లలో దళిత పిల్లల మీద సంఘమిత్ర ఆచార్య చేసిన అధ్యయనం 2010లో వచ్చింది. ఆరోగ్య సిబ్బంది ఇంట్లోకి రాకపోవడం, తాకకుండా మందు ఇవ్వడం, తక్కువ సేపు మాట్లాడి పంపేయడం అందులో నమోదయ్యాయి. 2018లో ఐక్యరాజ్యసమితి మహిళా విభాగం తన నివేదికలో ఒక లెక్క ఇచ్చింది. మన దేశంలో దళిత స్త్రీలు చనిపోయే సగటు వయసు 39.5 ఏళ్ళు, అగ్రకులాల స్త్రీలది 54.1 ఏళ్ళు. ఈ లెక్కను జాగ్రత్తగా చదవాలి. ఇది ఆయుర్దాయం కాదు, చనిపోయిన వాళ్ళ సగటు వయసు. చిన్నవయసు మరణాలు ఎక్కువైన చోట ఈ సగటు బాగా పడిపోతుంది. అయితే నీళ్ళు, పారిశుద్ధ్యం లాంటి తేడాలను లెక్కలో సరిచేసి చూసినా ఆ ఎడం పూర్తిగా పోలేదని కూడా అదే నివేదిక చెప్పింది. ఆ మిగిలిన ఎడం ఏమిటో వెతకడం కమ్యూనిటీ మెడిసిన్ పని కాదా?

నీళ్ళ పాఠం

కమ్యూనిటీ మెడిసిన్ ప్రాక్టికల్స్‌లో నీళ్ళ పాఠం ఒకటి ఉంటుంది. బావి లోతు, వెడల్పు కొలిచి నీళ్ళు ఎన్ని లీటర్లో లెక్క కట్టాలి. హారాక్స్ పరికరంతో బ్లీచింగ్ పౌడరు ఎంత పడుతుందో చూడాలి. గంట తర్వాత లీటరుకు అర మిల్లీగ్రాము క్లోరిన్ మిగిలి ఉండాలి. మంచి పాఠం. ప్రాణాలు కాపాడే పాఠం.

1985 జులైలో కారంచేడులో జరిగింది కూడా నీళ్ళ దగ్గరే మొదలైంది. మాదిగలు తాగే చెరువు దగ్గర కమ్మ యువకులు గేదెల కుడితి బకెట్లు కడిగి ఆ మురికి నీళ్ళలో కలిపారు. తాగే నీళ్ళు ఖరాబు చేయొద్దని మాదిగ పిల్లవాడు అడ్డం చెప్పాడు, మాదిగ స్త్రీ ఎదిరించి నిలబడింది. మర్నాడు, జులై 17న, మాదిగపల్లె మీద పడి ఆరుగురిని చంపారు. తాగునీటిని కాపాడుకోవడం ప్రజారోగ్యం. ఆమె చేసింది ఆ పనే. కారంచేడును దళిత ఉద్యమ చరిత్రగా మనం చదువుకుంటున్నాం. కమ్యూనిటీ మెడిసిన్ తరగతిలో నీళ్ళ పాఠంగా కూడా చెప్పాలని మేమంటాం. బావిలో క్లోరిన్ ఎంతో చెప్పి, ఆ బావిలో చేద వేసే హక్కు ఎవరికుందో చెప్పకపోతే ఆ పాఠం సగమే.

ఈ మిగతా సగాన్ని చేసి చూపించిన డాక్టర్లు ఉన్నారు. మహారాష్ట్రలో జామ్‌ఖేడ్ దగ్గర రజనీకాంత్ ఆరోలే, మేబెల్ ఆరోలే 1970లో పని మొదలుపెట్టారు. కరువు కాలంలో బోర్లు వేసేటప్పుడు చాలాచోట్ల దళితవాడలోనే వేయించారు. నీళ్ళు కావాలంటే ఊరి జనమే వాడకు రావలసి వచ్చింది. చదువురాని ఆడవాళ్ళను, అందులో దళిత ఆడవాళ్ళను ఆరోగ్య కార్యకర్తలుగా తయారు చేశారు. బోరు ఎక్కడ వేయాలన్నది కూడా వైద్య నిర్ణయమే అని వాళ్ళకు తెలుసు.

వాడకు ఫ్యామిలీ డాక్టరు ఎవరు?

పుస్తకంలో ఫ్యామిలీ డాక్టరుకు చెప్పిన లక్షణాలు మళ్ళీ చూడండి. దగ్గరలో ఉండాలి, ఎప్పుడు పిలిచినా రావాలి, ఇంటిల్లిపాదినీ ఎరిగి ఉండాలి. మన వాడల్లో ఈ లక్షణాలన్నీ ఉన్న మనిషి ఒకడే, ఆర్‌ఎంపీ. సాయంత్రం కూలి నుంచి వచ్చే వేళకు మోటారు సైకిలు మీద వస్తాడు. గడప దాటి లోపలికొస్తాడు, చెయ్యి పట్టుకుంటాడు, సూది వేస్తాడు, డబ్బులు లేకపోతే శనివారం ఇద్దువులే అంటాడు. అక్కర్లేని సూదులు, అక్కర్లేని గ్లూకోజు సీసాలు, ఇష్టమొచ్చినట్టు యాంటీబయాటిక్కులు, స్టెరాయిడ్లు. వీటి చేటు మాకు తెలుసు. ఆయన్ను మేము వెనకేసుకు రావడం లేదు. విద్యార్థికి మాత్రం 'నాటు డాక్టరు, మోసగాడు' అని ఒక్క ముక్క చెప్పి వదిలేస్తే చాలదు. చదివిన డాక్టరు చేయని పని ఆయన ఏం చేస్తున్నాడో ఆ ఇంట్లోనే అడిగి తెలుసుకోవాలి.

2023 ఏప్రిల్ 6న చిలకలూరిపేట దగ్గర లింగంగుంట్లలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఫ్యామిలీ డాక్టరు విధానాన్ని లాంఛనంగా మొదలుపెట్టింది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఇద్దరు డాక్టర్లుంటే ఒకరు అక్కడ, ఇంకొకరు 104 బండితో ఊళ్ళకు. ప్రభుత్వాలు మారితే పేర్లు మారతాయి. పేరు ఏదైనా, మనం అడగాల్సింది ఒకటే. బండి ఎక్కడ ఆగింది, ఎన్ని గంటలకు ఆగింది? పొద్దున పది గంటలకు బండి వస్తే అప్పటికి కూలి జనం తోటలో ఉంటారు. ఆర్‌ఎంపీకి ఈ సంగతి తెలుసు. పథకం రాసేవాళ్ళకు తెలియదు.

దత్తత అన్న మాట

దక్షిణాఫ్రికాలో నల్లవాళ్ళను ఉంచిన ఫొలేలా అనే చోట సిడ్నీ కార్క్, ఎమిలీ కార్క్ అనే డాక్టర్లు 1940లో ఒక ఆరోగ్య కేంద్రం పెట్టారు. ఇల్లిల్లూ పటం గీసి, ఏ ఇంట్లో ఏం తింటున్నారో, ఎవరు గనులకు వలస పోయారో, ఏ రోగం తెచ్చుకున్నారో రాసుకుని వైద్యం చేశారు. ప్రపంచమంతా ఇప్పుడు చెప్పుకునే సాముదాయిక ప్రాథమిక వైద్యానికి అది పునాది. జాతివివక్ష ప్రభుత్వం దాన్ని బతకనివ్వలేదు. కానీ 1957లో అమెరికా వైద్య విద్యార్థి జాక్ గైగర్ అక్కడికి వచ్చి పని నేర్చుకుని పోయాడు. తర్వాత 1960ల్లో మిసిసిపీలో, నల్లవాళ్ళ ఊరు మౌండ్ బేయూలో ఆరోగ్య కేంద్రం పెట్టిన వాళ్ళలో ఆయన ముఖ్యుడు. ఆకలితో చిక్కిపోయిన పిల్లలకు అక్కడి డాక్టర్లు మందుచీటీ మీద తిండి రాసిచ్చారు. ఆ చీటీకి అంగట్లో సరుకులిచ్చారు, కేంద్రం డబ్బు కట్టింది. ఒక విద్యార్థి చేసిన పల్లె ప్రయాణం ఎంత దూరం పోతుందో చూడండి.

ఇక్కడే దత్తత అన్న మాట మాకు అభ్యంతరం. దత్తత తీసుకునేది పెద్దవాళ్ళు, పోయేది పిల్లలు. పద్దెనిమిదేళ్ళ విద్యార్థి అరవై ఏళ్ళ కూలి మనిషిని దత్తత తీసుకోవడమేమిటి? నేర్చుకోవడానికి వచ్చింది ఎవరు, నేర్పుతున్నది ఎవరు? నిజానికి ఆ ఇల్లే విద్యార్థిని చేరదీస్తోంది. అదీకాక మన జనం ఎప్పుడూ వైద్య విద్యకు ముడిసరుకుగానే ఉన్నారు. ధర్మాసుపత్రి వార్డుల్లో పదిమంది విద్యార్థులు చుట్టూ నిలబడి నొక్కి చూసేది ఎవరి పొట్ట? శవపరీక్ష నేర్చుకునే బల్ల మీదికి వచ్చే దిక్కులేని శవాలు ఎక్కువగా ఎవరివి? కాలనీ ఇళ్ళు ఇంకో ప్రయోగశాల కావడానికి వీల్లేదు. ఫోల్డరు కళాశాల బీరువాలో ఉండి, విద్యార్థి పాసై పోతే ఆ ఇంటికి మిగిలేది ఏమీ లేదు.

చదివేది ఎవరు?

ఆ ఇంటి తలుపు తట్టే విద్యార్థి దళితుడైతే? ఊరిలో ఒక పెద్దింటికి పోతే 'మీరేమిట్లు?' అని అడుగుతారు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పి బీపీ చూడటం ఎట్లాగో ఏ పుస్తకంలోనూ లేదు. కళాశాల లోపల సంగతీ ఇంతే. ఢిల్లీ ఎయిమ్స్‌లో దళిత, ఆదివాసీ విద్యార్థుల మీద వివక్ష ఉందని థోరాట్ కమిటీ 2007లో చెప్పింది. 2019లో ముంబైలో ఆదివాసీ డాక్టరు పాయల్ తడ్వీ ఆత్మహత్యతో అది మళ్ళీ బయటికొచ్చింది. బయట వాడలో సమానంగా చూడమని నేర్పే చదువు తన హాస్టల్లో ఏం చేస్తున్నదో ముందు చూసుకోవాలి.

పులివెందుల సంగతి దీనికి దగ్గర సంబంధం ఉన్నదే. అక్కడ ప్రభుత్వ వైద్య కళాశాల కట్టారు. 2024లో జాతీయ వైద్య కమిషన్ 50 సీట్లకు అనుమతి ఇచ్చింది. సౌకర్యాలు చాలవని రాష్ట్ర ప్రభుత్వం ఆ సీట్లు వద్దంది. 2025 సెప్టెంబరులో పులివెందులతో సహా పది కొత్త కళాశాలలను ప్రైవేటు భాగస్వామ్యంతో నడపాలని మంత్రివర్గం నిర్ణయించింది. అంతకు ముందు, 2023 జులైలో, వేరే ప్రభుత్వం 107, 108 జీవోలతో కొత్త ప్రభుత్వ కళాశాలల్లోనే సగం సీట్లను సెల్ఫ్ ఫైనాన్స్‌కు, ఎన్నారై కోటాకు మళ్ళించింది. ఈ పార్టీ, ఆ పార్టీ అని కాదు. అమ్మే సీట్లలో రిజర్వేషన్ ఉండదు. లింగాల కాలనీ పిల్ల పక్క పట్నంలో డాక్టరు చదివి, తన భాష మాట్లాడే ఇళ్ళకు పోయే వీలును రెండు ప్రభుత్వాలూ తమ తమ పద్ధతిలో తగ్గించాయి. 'మందు కొడతాడు' అంటే ఏ మందో ఆ పిల్లకు ఎవరూ చెప్పక్కర్లేదు.

మా ప్రతిపాదనలు

ఒకటి. ప్రతి విద్యార్థికి ఇచ్చే కుటుంబాల్లో ఎక్కువ భాగం మాలపల్లె, మాదిగపల్లె, ఎరుకల, యానాది ఇళ్ళ నుంచి ఉండాలి. ఇళ్ళు ఎంపిక చేసేటప్పుడు వాడ జనం కూర్చోవాలి.

రెండు. ఫోల్డరులో చిన్నప్పటి నుంచి చేసిన పనులన్నీ వరసగా రాసే పేజీ, నీళ్ళ పేజీ, ఆస్పత్రిలో ఎట్లా చూశారో రాసే పేజీ ఉండాలి. 'ఎస్సీ' అని ఊరుకోకుండా ఏ ఉపకులమో, ఆ ఇల్లు చెప్పడానికి ఇష్టపడితేనే, రాయాలి. అందరినీ ఒక గడిలో పెడితే ఎవరికి ఏమి అందలేదో తెలియదు.

మూడు. ఫోల్డరు నకలు తెలుగులో ఆ ఇంటికి ఇవ్వాలి. విద్యార్థి పోయాక తర్వాతి బ్యాచ్ విద్యార్థి అదే ఇంటికి అదే ఫోల్డరుతో రావాలి.

నాలుగు. ఆ ఇంటి వాళ్ళు విద్యార్థి గురించి చెప్పే మాటకు మార్కుల్లో చోటుండాలి. వాడలో పనిచేసే ఆశా కార్యకర్త, పాకీ పని, మురుగు పని చేసే కార్మికులు తరగతి గదికి వచ్చి పాఠం చెప్పాలి, ఆ పనికి వాళ్ళకు కూలి కట్టివ్వాలి.

ఐదు. ఇంటర్న్‌షిప్‌లో కమ్యూనిటీ మెడిసిన్‌కు ఉన్న 12 వారాల్లో కూలి వేళలు దాటాక సాయంత్రం వైద్యం తప్పనిసరి చేయాలి.

ఇవి పెద్ద ఖర్చుతో అయ్యే పనులు కావు. వైద్య కళాశాలల అధ్యాపకులు వచ్చే బ్యాచ్‌తోనే మొదలుపెట్టవచ్చు. విద్యార్థులు ఫోల్డరు వెనక తెల్ల పేజీ మీద ఆ ప్రశ్నలు రాసుకుని పోవచ్చు. వాడల్లో పనిచేసే కార్యకర్తలు తెల్లకోటు వేసుకుని వచ్చిన పిల్లలను కూర్చోబెట్టి, మీరు ఏ ఇళ్ళకు పోయారు, ఏం రాసుకున్నారు, ఒకసారి చదివి వినిపించండి అని అడగవచ్చు. అడిగాక వచ్చిన జవాబులను మాకు రాస్తే ఈ చర్చను ముందుకు తీసుకుపోతాం.